అత్తయ్య గొంతు దీవిసీమ తిరిగిన వైనం

ఆ రోజుల్లో మా బందరులో కంప్యూటరంటే, ఎదురుగా మనిషి కూర్చుంటేనే పనిచేసే వస్తువని అందరి నమ్మకం. కుట్టుమిషను తొక్కితేనే కుడుతుంది, తిరగలి తిప్పితేనే పిండి రాలుస్తుంది, ఇదీ అంతే. మనిషి లేచి వెళ్ళిపోయాక అది మాత్రం ఎవరికోసం పనిచేస్తుంది? ఇది ఊళ్ళోవాళ్ళ నమ్మకమే అయితే నవ్వి ఊరుకోవచ్చు. నాదీ అదే నమ్మకం. అప్పటికే నేను ఆ విద్యను పదిమందికి నేర్పి జీతం తీసుకుంటున్నదాన్ని. (నేర్పేవాళ్ళకు తెలిసి ఉండాలన్న నియమం అప్పట్లో అంత గట్టిగా లేదు.) పక్కన మనిషి లేకపోయినా, చూసే కన్ను లేకపోయినా, చెప్పిన మాట పట్టుకుని ఒక పని తన దారిన తాను సాగిపోతూనే ఉంటుందన్న సంగతి మొదటిసారి కళ్ళారా చూసిన రోజున నేను నోరు తెరుచుకుని నిలబడిపోయాను. ఆ సంగతి నాకు నేర్పినవి రెండు: సముద్రంలో పుట్టిన ఒక వాయుగుండం, మా అత్తయ్య గొంతు.

మా కంప్యూటర్ సెంటరు ఒక మందుల షాపు మేడమీద ఉండేది. లోపల గదిలో ఒక పెద్ద కంప్యూటరు, దానికి తీగలతో కట్టేసినట్టు బయటి హాల్లో నాలుగైదు తెరలు. తెరలకు సొంత బుర్ర లేదు. ఉమ్మడి కుటుంబంలో తాతగారిలా అందరి ఆలోచనా ఆ పెద్దదే చేసేది. మా యజమానిని మేము చాటుగా యూపీఎస్ గారు అనుకునేవాళ్ళం. కంప్యూటర్ల గురించి ఆయనకు తెలిసిందల్లా హఠాత్తుగా కరెంటు పోతే అవి పాడైపోతాయన్న ఒక్క ముక్క. ఆ ఒక్క ముక్కతోనే సెంటరు పెట్టి నడిపేశారు. ఎవరితో ఏం మాట్లాడుతున్నా ఆయన చెవి మాత్రం, కరెంటు పోయినా కంప్యూటర్లను నడిపించడానికి మెట్లకింద కూర్చోబెట్టిన యూపీఎస్ మీదే ఉండేది. అది 'కీ' మందంటే చాలు, సగం మాట నోట్లోనే వదిలేసి కిందికి పరుగెత్తేవారు.

ఇక మా మావయ్య. మా అమ్మకు తమ్ముడు, గిలకలదిండి రేవులో ఐసు, చేపల వ్యాపారం. అందరికీ ఆయన ఐసు మావయ్య; వరస కలవనివాళ్ళు కూడా అలాగే పిలిచేవారు. అవనిగడ్డ నుంచి అటు కోడూరు, ఇటు నాగాయలంక దాటి సముద్రం దాకా దీవిసీమలో ఎన్నో ఊళ్ళ పడవలకు ఆయన ఐసే వెళ్ళేది, ఆ ఊళ్ళ చేపలే ఆయనకు వచ్చేవి. వ్యాను ఏ వేళకు వస్తుందో, ఇవాళ ఏ చేపకు గిరాకీ ఉందో ప్రతిరోజూ ఊరూరా చెప్పాలి. ఆ ఊళ్ళ ఇళ్ళల్లో ఫోన్లు లేవు, ఊరికొక ఎస్టీడీ బూత్ ఉండేది. మావయ్య తెల్లారగానే రేవులో ఐసు కొట్టు ఫోను ముందు కూర్చుని ఒక్కో బూత్‌కు చేసి, అటువైపు సరిగ్గా వినపడదు కాబట్టి అరిచి అరిచి చెప్పేవాడు. నంబర్లన్నీ నోటికే వచ్చు. మధ్యాహ్నానికి గొంతు పూర్తిగా పోయేది. అన్నం ముందు కూర్చుని ఉప్పు కావాలన్నా, పులుసు కావాలన్నా సైగలే. ఆ మౌనం అత్తయ్యకు హాయిగా ఉందని ఆయనకు అనుమానం. అనుమానం కాదు, నిజమేనని అత్తయ్య నాతో ఒకసారి అంది.

ఒకరోజు ఆ సైగల భోజనం దగ్గర కూర్చుని నేను గొప్పలకు పోయాను. మా సెంటరులో మోడెం అని ఒక డబ్బా ఉంది, ఫోను తీగకు తగిలిస్తే తనంతట తానే నంబరు తిప్పుతుంది, ముందే రికార్డు చేసి పెట్టిన మాట వినిపిస్తుంది, ఫోను పెట్టేస్తుంది, వరసగా ఒక్కో బూత్‌కూ అదే చెప్పేస్తుందన్నాను. మావయ్య చెంబు కింద పెట్టి నాకేసి చూశాడు. ఆ చూపులో ఆశ చూశాక వెనక్కి తగ్గడం నావల్ల కాలేదు. వారం తిరగకుండా స్క్రిప్టు రాశాను. (స్క్రిప్టంటే మరేం లేదు, ముందు ఇది చెయ్యి, తర్వాత అది చెయ్యి అని కంప్యూటరుకు రాసిచ్చే నాలుగు ముక్కలు.) ఫోను బిల్లు మావయ్య కడతానన్నాడు, యూపీఎస్ గారింటికి వారానికోసారి మంచి చేప పంపుతానన్నాడు. ఆయన కాదనలేదు. మావయ్యకు గొంతు లేదు కాబట్టి రికార్డింగుకు అత్తయ్య వచ్చింది. చదివినట్టు కాకుండా మాట్లాడినట్టు చెప్పమన్నాను, అదే పొరపాటైంది. చెప్పాల్సిందంతా చెప్పేశాక, ఫోనులో ఎవరితో మాట్లాడినా చివర అడిగే అలవాటు కొద్దీ "అన్నాలు తిన్నారా?" అని కూడా అనేసింది. నేనూ తీసెయ్యలేదు. మర్యాదగానే ఉంది కదా అనుకున్నాను.

అసలు చిక్కు తర్వాత మొదలైంది. మా సెంటరులో ఒక్కో తెర ముందు గంటసేపే కూర్చోవాలి. గంట కాగానే యూపీఎస్ గారు వచ్చి భుజం మీద తట్టినంత మృదువుగా దగ్గేవారు. నేను లాగౌటయి లేవాలి, తర్వాతి విద్యార్థి కూర్చోవాలి. నేను లాగౌట్ అయిన మరుక్షణం నా స్క్రిప్టు కూడా నాతోపాటు లేచి వచ్చేసేది. సగం ఊళ్ళకు ఫోన్లు వెళ్ళేవి, మిగిలిన సగానికి లేదు. మళ్ళీ తెర ఖాళీ కాగానే కూర్చుని మళ్ళీ మొదటినుంచి నడిపేదాన్ని. అందువల్ల వరసలో మొదటిదైన అవనిగడ్డ బూత్‌లో అత్తయ్య ఒకే మాటను పొద్దున్నుంచి సాయంత్రం దాకా పదేపదే చెప్పేది. సముద్రం ఒడ్డున చిట్టచివరనున్న సొర్లగొందికి మాత్రం ఏనాడూ చేరేది కాదు. అవనిగడ్డ వాళ్ళు మావయ్యను ఎక్కడ కనపడినా, మీ ఇంటావిడకు కాస్త మతిమరుపు మొదలైనట్టుంది, ఎవరికైనా చూపించండని సలహా ఇచ్చేవారు. సొర్లగొంది వాళ్ళు, మమ్మల్ని మనుషుల్లో లెక్కెయ్యడం మానేశారా అని నిష్ఠూరమాడేవారు.

ఐసు వ్యాను సంగతి వరకు ఇదంతా నవ్వులాటే. కానీ తుఫాన్ల కాలం దగ్గరపడుతున్నకొద్దీ మావయ్య నవ్వడం మానేశాడు. వెనకటి ఉప్పెనలో ఆయన పిల్లవాడు. ఒక తాటిచెట్టు పట్టుకుని బతికాడట. ఆ సంగతి ఎప్పుడూ తనంతట తాను చెప్పేవాడు కాదు. ఆ రోజు మాత్రం నన్ను పిలిచి కూర్చోబెట్టి, చాలా నెమ్మదిగా అన్నాడు. "అమ్మడూ, ఐసు సంగతి ఒక పూట అందకపోతే చేప పాడవుతుంది, అంతే. వాయుగుండం సంగతి అందకపోతే ఏమవుతుందో నాకు తెలుసు. చివరి ఊరికి చేరేదాకా ఆగకుండా ఉండేట్టు చెయ్యగలవా, లేదా? లేదంటే ఇప్పుడే చెప్పు, నా తిప్పలు నేను పడతాను."

నాకు తెలియదని చెప్పడానికి మొహం చెల్లక, మర్నాడే గుడివాడ ప్యాసింజరు ఎక్కాను. అక్కడి కాలేజీలో నాకు చదువు చెప్పిన మేడమ్ ఉండేవారు. ఎంత తెలివితక్కువ ప్రశ్న అడిగినా తల పక్కకు తిప్పి నవ్వి, తర్వాత మామూలు మొహంతో జవాబు చెప్పే మనిషి. ఆవిడ క్లాసు ముగించి వస్తుంటే వరండాలోనే నా గోడు వెళ్ళబోసుకున్నాను.

"లాగౌట్ అయినప్పుడు ఏమవుతుందో తెలుసా?" అన్నారావిడ. "నువ్వు ఫోను పెట్టేశావని కంప్యూటరు నీ పనికి కబురు పంపుతుంది. ఆ కబురు వినగానే అది కూడా సర్దుకుని వెళ్ళిపోతుంది."

"ఆ కబురు దానికి అందకుండా చెయ్యలేమా మేడమ్?"

"అందనీ, పట్టించుకోవద్దని ముందే చెప్పిపెట్టు."

ఖాళీ క్లాసులోకి తీసుకెళ్ళి బోర్డు మీద నా స్క్రిప్టు పేరు రాసి, దానికి ముందు నోహప్ అని, చివర అండ్ గుర్తు ఒకటి తగిలించారు. ముందున్న మాటకు ఫోను పెట్టేసినా పని మానకు అని అర్థమట. వెనకనున్న గుర్తు పెడితే ఆ పని పెరటి గదిలోకి వెళ్ళి చేసుకుంటుందట, ముందు గది మనకు ఖాళీయేనట. ఇంతేనా అన్నాను. ఇంతేనన్నారు. రామాయణమంతా విని ఒక్క అక్షరంలో మోక్షం దొరికినట్టయింది నాకు. రైలు వేళవుతోందని పరుగెత్తుతుంటే వెనకనుంచి మేడమ్ ఏదో అంటున్నారు; ఆగి విన్నాను. "అది నీకోసం చూడదు, గుర్తుంచుకో. ఆపాలంటే మళ్ళీ నువ్వే రావాలి." ఆగని పని కోసమే అంత దూరం వచ్చినదాన్ని, ఆపే సంగతి నా చెవికెక్కుతుందా? తల ఊపి రైలెక్కేశాను.

వాయుగుండం ఎక్కువ రోజులు ఆగలేదు. ఒక పొద్దున రేడియోలో చెప్పారు, మధ్యాహ్నానికి మంగినపూడి వైపు ఆకాశం సీసం రంగుకు తిరిగింది. మావయ్య స్వయంగా అత్తయ్యను స్కూటరు మీద సెంటరుకు తెచ్చాడు. ఇద్దరి బట్టలూ చినుకులకు తడిసి ఉన్నాయి. అత్తయ్య ఈసారి కాగితం చూడలేదు. సముద్రంలో వాయుగుండం ఉందని, ఎవరూ వేటకు వెళ్ళొద్దని, వెళ్ళినవాళ్ళుంటే ఎలాగైనా వెనక్కి పిలిపించమని, పడవలు, వలలు ఎగువకు లాక్కోమని చెప్పింది. పిల్లలు జాగ్రత్త అంది. అలవాటు చొప్పున అన్నాలు తిన్నారా అని కూడా అంది. నేను స్క్రిప్టులో ఇంకొక్క ముక్క చేర్చాను. ఒకసారి చెబితే బూత్‌లో ఎవరూ లేకపోవచ్చు, గాలికి వినపడకపోవచ్చు. అందుకని చివరి ఊరికి చెప్పాక మళ్ళీ మొదటి ఊరికి రావాలి, నేను ఆపేదాకా తిరుగుతూనే ఉండాలి. ముందు నోహప్ పెట్టాను, చివర గుర్తు పెట్టాను, మీట నొక్కాను. తెరమీద ఒక అంకె వచ్చింది. ఆ పనికి కంప్యూటరు పెట్టుకున్న గుర్తింపు అది. అంతే, మరేమీ లేదు.

లాగౌట్ అయ్యాను. తెర ఏమీ జరగనట్టు మళ్ళీ మొదటికొచ్చి, నువ్వెవరు అని అడిగింది. నా వేళ్ళు మీటల మీద లేవు. నేను కుర్చీలోంచి లేచాను. టైపింగ్ నేర్చుకుంటున్న ఒక అమ్మాయి వచ్చి ఆ కుర్చీలో కూర్చుని తన పాఠం తాను మొదలుపెట్టింది. లోపలి గదిలోకి వెళ్ళి చూశాను. బల్ల మీద ఆ చిన్న డబ్బాలో ఎర్ర దీపం ఆరి ఆరి వెలుగుతోంది. నంబరు తిప్పుతున్న టికటిక వినిపించింది. ఆగింది. డబ్బాలోంచి, గోడ అవతల ఎవరో మాట్లాడుతున్నంత సన్నగా, అత్తయ్య గొంతు. మళ్ళీ టికటిక. దాని ముందు ఎవరూ లేరు. దానికి ఎవరూ ఏమీ చెప్పడం లేదు. చెప్పాల్సింది ఒక్కసారి చెప్పాం, అది పట్టుకుంది. చంటిబిడ్డ మొదటిసారి చెయ్యి వదిలేసి నడిస్తే తల్లికి ఎలా ఉంటుందో నాకు ఆ రోజుకు తెలియదు గాని, బహుశా ఇలాగే ఉంటుందని ఆ గుమ్మంలో నిలబడి అనుకున్నాను. యూపీఎస్ గారికి రెండే మాటలు చెప్పాను. పెద్ద కంప్యూటరుకు కరెంటు ఆపొద్దు, ఆ తీగలు ఎవర్నీ ముట్టుకోనివ్వొద్దు. కరెంటు గురించి నువ్వు నాకు చెప్పాలా అన్నట్టు చూశారాయన.

మావయ్య ఐసు పెట్టెలు, వలలు వెనక్కి తెచ్చుకోవడానికి వ్యాను తీసుకుని దీవిసీమకు బయల్దేరాడు. చివరి ఊరికి చేరుతుందో లేదో చూస్తానని నేనూ ఎక్కాను. మావయ్యకు పైకి ధైర్యం చెప్పాను గాని, లోపల అనుమానం పీకుతూనే ఉంది. చల్లపల్లి దాటేసరికి వాన పెద్దదైంది. అవనిగడ్డలో టీకి ఆగితే బూత్ ఆయన గొడుగు వేసుకుని మరీ వచ్చాడు. మీ ఇంటావిడ ఇందాకే చెప్పారండీ, పడవలన్నీ కట్టేశాం, ఆవిడ ఎంత పిలిచినా పలకలేదు, మా మీద కోపమేమన్నా ఉందా అని మావయ్యను అడిగాడు. మావయ్య నాకేసి చూసి, లేదండీ, కాస్త తొందరలో ఉంది, ఇంకా చాలా ఊళ్ళకు చెప్పాలిగా అన్నాడు. నాగాయలంకలోనూ అదే మాట. ఆవిడ చెప్పింది, మేం విన్నాం. ప్రతి ఊళ్ళోనూ మాకంటే ముందే అత్తయ్య వచ్చి వెళ్ళింది. బందరులో ఇంట్లో కూర్చుని ఆవిడ బహుశా చారు పెట్టుకుంటూ ఉంటుంది. ఇక్కడ ఈ వానలో, ఆవిడ ఎన్నడూ చూడని దారుల్లో మాకంటే ముందు నడుస్తోంది.

సొర్లగొందికి చేరేసరికి ఇంకా వెలుతురుంది. బూత్ అంటే తాటాకు పాక, అందులో ఒక బల్ల, బల్లమీద ఫోను. నడిపే ఆయన్ని ఊరంతా బూత్ బాబాయ్ అంటారు. ఆయన తల్లి, ఊరందరికీ మామ్మ, గుమ్మంలో పీట వేసుకుని కూర్చుని ఉంది. మావయ్యను చూడగానే నిష్ఠూరం మొదలుపెట్టబోతుంటే ఫోను మోగింది. బూత్ బాబాయ్ ఎత్తి, రెండు క్షణాలు విని, ఏమీ మాట్లాడకుండా రిసీవరును చెయ్యి చాచి గుమ్మం వైపు పట్టుకున్నాడు. వాన చప్పుడులో మొదట ఏమీ తెలియలేదు. పడవల దగ్గరనుంచి మగవాళ్ళు, చూరుకింద నిలబడ్డ ఆడవాళ్ళు ఒక్కొక్కరే దగ్గరికొచ్చారు. అప్పుడు విన్నాను. నేను రికార్డు చేసేటప్పుడు ఎక్కడో ఏదో అంకె తప్పు వేసినట్టున్నాను, గొంతు అసలుకంటే నిదానంగా, బరువుగా వస్తోంది. గడగడా మాట్లాడే మా అత్తయ్య, బావిలోంచి పలికినట్టు, ఒక్కో మాటా తూచి చెబుతోంది. ఎవరూ వేటకు వెళ్ళొద్దు. వెళ్ళినవాళ్ళుంటే వెనక్కి పిలిపించండి. ఇద్దరు మనుషులు అక్కడికక్కడే తువ్వాళ్ళు ఊపుకుంటూ, ఏరు సముద్రంలో కలిసే మొగ వైపు పరుగెత్తారు. అప్పుడే బయల్దేరిన ఒక పడవ ఇంకా కనుచూపు మేరలోనే ఉందట. పిల్లలు జాగ్రత్త అనగానే ఎవరో తల్లి పక్కనున్న పిల్లను దగ్గరికి లాక్కుంది. చివర, అన్నాలు తిన్నారా అని వినిపించగానే మామ్మ రిసీవరు వైపు వంగి, ఎంతో మర్యాదగా జవాబు చెప్పింది. "ఇంకా లేదమ్మా. వానకి పుల్లలన్నీ తడిసినయ్యి. నువ్వు తిన్నావా?"

ఫోను పెట్టేసిన చప్పుడు. మామ్మ కాసేపు ఎదురుచూసి, పాపం ఎన్ని ఊళ్ళకి చెప్పాలో అంది.

నాకు నవ్వు రావాలి, రాలేదు. బందరులో ఆ కుర్చీలో ఇప్పుడు ఎవరో విద్యార్థి కూర్చుని, కాళ్ళు ఊపుకుంటూ మీటలు కొట్టుకుంటూ ఉంటాడు. ఆ పని జరుగుతోందని ఆ గదిలో ఎవరికీ తెలియదు. మధ్యలో ఇన్ని కాలవలు, ఇంత వాన, ఇంత చీకటి మబ్బు. వాటన్నిటినీ దాటి అది ఈ పాకను వెతుక్కుంటూ వచ్చింది. మొగనుంచి ఆ పడవ వెనక్కి తిరగడం చూశాను. చూస్తూ చాలాసేపు తడుస్తూనే నిలబడ్డాను. మావయ్య వచ్చి తన తువ్వాలు తీసి నా తలమీద వేశాడు.

ఆ సాయంత్రం దారిలో నీళ్ళు రావడంతో అక్కడే ఉండిపోయాం. పొద్దున లేచేసరికి ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. వాయుగుండం ఉత్తరానికి మళ్ళి ఎక్కడో తీరం దాటిందని, వేటకు వెళ్ళేవాళ్ళు వెళ్ళొచ్చని రేడియోలో చెప్పారు. పక్క ఊళ్ళ పడవలు అప్పటికే తెరచాపలెత్తాయి. సముద్రం నూనె పోసినట్టు పడుకుని ఉంది. ఇక్కడివాళ్ళు కూడా వలలు సర్దుకుంటున్నారు. అప్పుడు ఫోను మోగింది. అత్తయ్య. ఎవరూ వేటకు వెళ్ళొద్దు. అందరూ వలలు కింద పెట్టేశారు.

గుడివాడ మేడమ్ వెనకనుంచి అన్న మాట నాకు అప్పుడు పూర్తిగా వినిపించింది. నేను పరుగెత్తుకెళ్ళి, అది మనిషి కాదని, ముందే రికార్డు చేసిన మాటని, తుఫాను పోయిందని కంప్యూటరుకు తెలియదని, ఆపడానికి నేను అక్కడ లేనని, కాబట్టి మీరంతా నిశ్చింతగా వెళ్ళొచ్చని చెప్పాను. శ్రద్ధగా విన్నారు. ఒక్కరూ కదల్లేదు. అప్పుడు మామ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పింది.

"నువ్వు చెప్పేది నిజమే అయ్యుంటదమ్మా. రేడియో ఒక్కసారి చెప్పి పాటలేసుకుంటది. ఆవిడ నిన్నటినించి మానకుండా చెప్తానే ఉంది. అయినవాళ్ళు కూడా అన్నిసార్లు చెప్పరు. వద్దని చెప్పింది ఆవిడ. వెళ్ళమని కూడా ఆవిడే చెప్పాల."

సెంటరుకు ఫోను చేశాను, ఎంగేజ్. మళ్ళీ చేశాను, ఎంగేజ్. కాకేం చేస్తుంది, ఆ లైను మీద అత్తయ్య ఊరూరికీ మాట్లాడుతోంది. మావయ్య ఇంటి పక్కవాళ్ళకు చేసి అత్తయ్యను పిలిపించి, వెంటనే సెంటరుకు వెళ్ళి ఆపించమన్నాడు. తర్వాత అక్కడ జరిగింది నేను చూడలేదు. టైపింగ్ అమ్మాయి నవ్వలేక నవ్వలేక చెప్పింది. అత్తయ్య వెళ్ళేసరికి యూపీఎస్ గారు అప్పటికే అన్ని తెరలూ ఒక్కొక్కటే ఆపేసి, ఇక ఎలా మాట్లాడుతుందో చూస్తాను అన్నట్టు చేతులు కట్టుకుని నిలబడ్డారట. డబ్బాలోంచి టికటిక, తర్వాత అత్తయ్య గొంతు. అసలు అత్తయ్య వంగి, ఇంక చాలు, విన్నారులే, ఊరుకో అని డబ్బాకు చెప్పిందట. డబ్బా, అన్నాలు తిన్నారా అందట. తీగ పీకేస్తానని అత్తయ్య, పీకనివ్వనని ఆయన. తీగలు ముట్టుకోనివ్వొద్దని నేను చెప్పి వెళ్ళానుగా, మాట మీద నిలబడే మనిషి. జీవితంలో మొదటిసారి ఆయన కరెంటు పోతే బాగుండునని కోరుకున్నారట. (పోయినా లాభం లేదు. మెట్లకింద యూపీఎస్ ఉంది.)

నీళ్ళు నిలిచిన రోడ్ల మీద వ్యాను ఈడ్చుకుంటూ వచ్చి బందరు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. వెనక ఆ ఊరి పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయన్న బరువు దారంతా గుండెమీదే ఉంది. వాళ్ళు నామీద కోపగించుకుని ఉంటే ఇంత బరువు ఉండేది కాదు. మెట్లెక్కి, తెర వెలిగించి, లాగిన్ అయి, ఇప్పుడు లోపల ఏమేం నడుస్తున్నాయో చూపించమని కంప్యూటరును అడిగాను. అన్నిటి మధ్యా నా స్క్రిప్టు కనపడింది. నిన్నటి అదే అంకె. దాని పక్కన నా పేరు. నేను వానలో తడుస్తున్నప్పుడు, ఎవరి ఇంట్లోనో చాపమీద నిద్రపోతున్నప్పుడు, వ్యానులో గోళ్ళు కొరుక్కుంటున్నప్పుడు కూడా అది నా పేరుమీదే, నేను చెప్పిన పనే, ఒక్క ఊరు కూడా వదలకుండా చేస్తూ ఉంది. అలసట లేదు, విసుగు లేదు, నేనేమైపోయానన్న ప్రశ్న లేదు.

దాన్ని ఆపే ఆజ్ఞకు కంప్యూటరు భాషలో చంపడమనే అర్థం. నేను గొణుక్కుంటుంటే అత్తయ్య విని, నా గొంతునే చంపుతావుటే అంది. ఆపక తప్పదు కదత్తయ్యా అన్నాను. టికటిక ఆగిపోయింది. గదిలో ఎంత నిశ్శబ్దం వచ్చిందంటే, యూపీఎస్ గారు కరెంటు పోయిందనుకుని కిందికి పరుగెత్తారు.

అత్తయ్య మళ్ళీ మైకు ముందు కూర్చుంది. తుఫాను పోయిందండీ, ఇక వేటకి వెళ్ళండి, క్షేమంగా వెళ్ళి రండి అంది. ఈసారి సొర్లగొందిని వరసలో మొదట పెట్టాను, ప్రతి ఊరికి ఒక్కసారి చెప్పి ఆగిపొమ్మని రాశాను. అయినా కుర్చీలోంచి లేవలేదు. గంట అయింది, యూపీఎస్ గారు దగ్గలేదు. సాయంత్రానికి బూత్ బాబాయ్ ఫోను చేసి, ఆవిడ చెప్పిందండీ, పడవలన్నీ వెళ్ళినయ్యి అన్నాడు. మావయ్య ఆ మాట విని, మంచినీళ్ళు కావాలని అత్తయ్యకు సైగ చేశాడు. గొంతు బాగానే ఉన్నా సైగే చేశాడు. ఆవిడ వెళ్ళి ఆయనకు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది.

కొన్నాళ్ళకు మావయ్య అత్తయ్యను, నన్ను సొర్లగొంది తీసుకెళ్ళాడు. ఊరంతా ఆవిణ్ణి చూడాలని అడుగుతున్నారట. అత్తయ్య పట్టుచీర కట్టుకుంది, దారిపొడుగునా కొంగు సర్దుకుంటూనే ఉంది. పాక ముందు జనం మూగారు. ఈవిడేనండీ అని మావయ్య చెప్పాడు. అత్తయ్య సంబరంతో ఉక్కిరిబిక్కిరైపోయి, తన మామూలు వేగంతో, బాగున్నారా, పిల్లలు బాగున్నారా, చేపలు బాగా పడుతున్నాయా, ఎంత బాగుందండీ మీ ఊరు, ఎన్నాళ్ళనుంచో రావాలనుకుంటున్నా అని ఊపిరి తీసుకోకుండా మాట్లాడేసింది. మామ్మ కళ్ళు మూసుకుని ఆసాంతం విన్నది. తర్వాత కళ్ళు తెరిచి, అత్తయ్య గడ్డం పట్టుకుని, బాధపెట్టకూడదన్నంత మెత్తగా అంది. "నువ్వు మంచిదానివేనమ్మా. కానీ ఆవిడివి కాదు. ఆవిడ నిదానం మనిషి."

మావయ్య ఏదో చెప్పబోతే అత్తయ్యే వద్దన్నట్టు చూసింది. వాళ్ళు మాకు చేపల పులుసుతో భోజనం పెట్టారు, ఆవిణ్ణి కూడా ఒకసారి తీసుకురమ్మని మరీమరీ చెప్పి పంపారు. తిరుగుదారిలో అవనిగడ్డ దాటేదాకా అత్తయ్య నోరు విప్పలేదు. (మావయ్య భయపడి రెండుసార్లు ఒంట్లో బాగుందా అని అడిగాడు.) చివరికి కిటికీలోంచి బయటికి చూస్తూ, వాళ్ళన్నది నిజమే, అంత ఓపిగ్గా, అన్నిసార్లు నేనెప్పుడు చెప్పాను ఎవరికైనా అంది. ఆ మాటలో చిన్నబుచ్చుకోవడం లేదు. తనకంటే పెద్ద మనిషిని గురించి మాట్లాడినట్టు ఉంది.

ఇప్పుడు నేను పనిచేసే చోట అలాంటి పనులు రోజూ వెనకాల ఎన్ని నడుస్తాయో ఎవరూ లెక్కపెట్టరు. నా దగ్గర చేరిన పిల్లలు ఒక చేత్తో టీ గ్లాసు పట్టుకుని, ఇంకో చేత్తో మీట నొక్కి, తెర కేసి కూడా చూడకుండా వెళ్ళిపోతారు. నేనూ అలాగే వెళ్ళిపోవచ్చు. జుట్టు నెరిసింది, హోదా పెరిగింది. కానీ లాగౌట్ అయ్యాక నా కాళ్ళు అంత తొందరగా కదలవు. ఖాళీ తెర ముందు అలా నిలబడిపోతాను. మొన్న ఒక అమ్మాయి చూసి అడిగింది, ఆ పని వెళ్ళిపోయిందిగా మేడమ్, ఇంకా ఏం చూస్తున్నారని. వెళ్ళింది, అదే చూస్తున్నానన్నాను. తల పక్కకు తిప్పుకుని నవ్విందా పిల్ల. నవ్వనీ.